తట్టి చూసే యేసయ్య

బొగ్గు గనిలో యేసయ్య పని పైకప్పును కర్రతో తట్టి చూడడం. డొల్ల చప్పుడు వినిపిస్తే కప్పు కూలుతుందని ఎంతటి ఆఫీసరునైనా అడుగు పెట్టనివ్వడు. ముప్పై ఏళ్లలో అదే అలవాటై, గోదావరిఖని మార్కెట్లో పుచ్చకాయనూ, చర్చిలో కొత్త బెంచీనీ కూడా తట్టి, చెవి ఒగ్గి విన్నాకే నమ్ముతాడు. షేర్ మార్కెట్ ఎగబాకుతున్న ఈ రోజుల్లో గని క్యాంటీన్లో ప్రతివాడూ పండితుడే. వాళ్లలో ఒకరు చెప్పిన కంపెనీలో, ఇల్లు కట్టాలని పీఎఫ్ నుంచి తీసిన సొమ్మంతా పెట్టడానికి యేసయ్య ఫోన్ పట్టుకుని కూర్చున్నాడు.

"గా కంపెనీ ఏం జేస్తదయ్యా?" అంది భార్య సుగుణమణి.

"పెరుగుతది."

"పుచ్చకాయను పదిసార్లు తట్టెటోనివి, దీన్ని తట్టి చూసినవా?"

యేసయ్య చూపుడువేలితో ఫోన్‌ను ఒక్కసారి తట్టాడు.

"గిప్పుడే తట్టిన. కొనుడు అయిపోయింది."