ఎడమచేతి పాస్

సినిమాల్లో రాతపని వెతుక్కుంటూ హైదరాబాద్ వచ్చిన కొత్తలో యూసుఫ్‌గూడలో ఒక గదిలో ఉండేవాణ్ణి. సాయంత్రాలు తోచక దగ్గర్లోని స్టేడియంకి వెళ్ళేవాణ్ణి. ఆయన ఆట మొదటిసారి చూసింది అక్కడే. బాస్కెట్‌బాల్‌లో గార్డు. బంతిని ముందుకు తీసుకెళ్ళి, ఎవరి చేతికి అందించాలో తేల్చే ఆటగాడు. జట్టులో అందరికంటే పొట్టి. కుడివైపు చూస్తూ, ఎదుటివాళ్ళు కూడా అటే చూసేలా చేసి, వీపు వెనకనుంచి ఎడమచేత్తో బంతిని ఇంకోవైపు పంపేసేవాడు. ఆ పాస్ కోసం మేం నలుగురు స్నేహితులం గొంతులు పోయేలా అరిచేవాళ్ళం. తర్వాత ఆయన ప్రొఫెషనల్ లీగ్‌లోకి వెళ్ళాడు. కొన్నాళ్ళకి మోకాలు దెబ్బతింది, లీగూ మూతపడింది. ఆయన ఏమయ్యాడో మాలో ఎవరూ వాకబు చెయ్యలేదు.

నిరుడు ఆ నలుగురం మళ్ళీ కలుద్దామనుకున్నాం. నేనిప్పుడు సినిమాలకి మాటలు రాస్తాను. మాలో ఒకడు దర్శకుడయ్యాడు. మిగతా ఇద్దరూ వ్యాపారాల్లో కుదురుకున్నారు. ‘ఆయన్ని కూడా పిలుద్దాం’ అన్నది నేనే. నంబరు సంపాదించి జూబ్లీహిల్స్‌లో ఒక కాఫీ షాపుకి రమ్మన్నాను.

నాలుగు మెట్లు ఎక్కడానికి ఆయన రెయిలింగ్ పట్టుకున్నాడు. మేం లేచి నిలబడ్డాం, ఫొటోలు దిగాం. ఆ తర్వాత రెండు గంటలు ఆయన ముందే ఆయన గురించి మాట్లాడుకున్నాం. ఒకడు మొదలుపెట్టిన మ్యాచ్‌ని ఇంకొకడు పూర్తిచేశాడు. ఫైనల్లో ఆఖరి క్షణాన, వాచిన మోకాలితోనే ఎగిరి బంతి వేసి గెలిపించిన తీరుని దర్శకుడు కుర్చీ జరిపి మరీ చేసి చూపించాడు.

“గా బాస్కెట్ నేను వెయ్యలే భయ్” అన్నాడాయన మెల్లగా. “పాస్ ఇచ్చిన, అంతే. గప్పటికే మోకాలు వోయింది. ఇంజెక్షన్ ఇచ్చి దింపిన్రు.”

“లేదన్నా, మీరే వేశారు. నాకు బాగా గుర్తు” అన్నాడు దర్శకుడు.

అందరం నవ్వాం. ఇంజెక్షన్ సంగతేమిటని ఎవరమూ అడగలేదు. నిజానికి ఆ రెండు గంటల్లో మేం ఆయన్ని ఒక్క ప్రశ్న కూడా అడగలేదు.

లేచే ముందు ఆయనే దర్శకుడితో అన్నాడు. “మీరు బాస్కెట్‌బాల్ మీద పిక్చర్ తీస్తున్నరంట గదా. హీరోకు ఆట నేర్పనీకి మనిషి గావాల్నంటే నాకు జెప్పుండ్రి. ఇంట్ల ఊకె కూసుంటే మంచిగనిపిస్తలేదు.”

“అన్నా, మీరు అడగాలా? మీరు కాకపోతే ఇంకెవరు?”

ఆ మాట నేను నమ్మాను. ఆయనా నమ్మాడనుకుంటాను, దర్శకుడి చేతులూ నా చేతులూ పట్టుకుని మరీ వెళ్ళాడు.

వారం తిరక్కుండా దర్శకుడు ఫోన్ చేశాడు. “ఆయన పాత మ్యాచ్ వీడియో నీ దగ్గరుంది కదా, పంపు. మాటలు కూడా నువ్వే రాయాలి.” ఆ వీడియో ఎప్పుడో నేను గ్యాలరీలో నిలబడి తీసింది. వెంటనే పంపాను.

షూటింగ్ మొదలయ్యాక ఫిల్మ్ నగర్ స్టూడియోకి వెళ్తే అక్కడ ముంబై నుంచి వచ్చిన ట్రైనర్ ఉన్నాడు. ల్యాప్‌టాప్‌లో నా వీడియోని ఆపి ఆపి చూపిస్తూ హీరోకి ఆ ఎడమచేతి పాస్ నేర్పుతున్నాడు. దర్శకుణ్ణి పక్కకి పిలిచి, “ఆయన్ని పిలవలేదా?” అన్నాను.

“ఆ నడక చూశావుగా. అలా కుంటుతూ వస్తే హీరో ఏమనుకుంటాడు? రిలీజ్ ముందు ఫంక్షన్ పెడతాంగా, స్టేజి మీద శాలువా కప్పుదాంలే.”

సరేనన్నాను. నా తర్వాతి సినిమా కూడా అతనితోనే. అదే రోజు క్యారవాన్‌లో కూర్చుని, ఆ పాస్ వేశాక హీరో చెప్పాల్సిన డైలాగు రాశాను. ‘ఇది నాకెవడూ నేర్పలేదు. పుట్టుకతో వచ్చింది.’ చదవగానే దర్శకుడు చప్పట్లు కొట్టాడు.

ట్రైలర్ వచ్చిన రోజు పొద్దున్నే ఆయన ఫోన్ చేశాడు.

“చూసిన. పిల్లగాడు మంచిగ జేసిండు. ఎడమ భుజం జర కిందికి దించాలె. గదొక్కటే తప్పు.”

“అన్నా, నేను చాలా గట్టిగా చెప్పాను, వాళ్ళే వినలేదు” అని అబద్ధమాడాను.

“గట్లనా. గా డైలాగు ఎవరు రాసిన్రు?”

“నేనే అన్నా.”

“మంచిగుంది” అని పెట్టేశాడు.

సినిమా బాగా ఆడింది. ఆ డైలాగుకి హాల్లో ఈలలు వేస్తుంటే నేను తల దించుకుని కూర్చున్నాను. అంతకుముందు ఫంక్షన్‌కి కారు పంపిస్తే, ఆయన దాన్ని ఖాళీగా తిప్పి పంపాడు. ఫోన్ ఎత్తడం మానేశాడు. చివరికి ఒకరోజు యూసుఫ్‌గూడలో వాళ్ళింటికి వెళ్ళాను. ఆయన భార్య తలుపు సగమే తెరిచింది.

“ఊర్ల లేనని చెప్పమన్నడు. నాకు అబద్ధం ఆడుడు రాదు. ఇంట్లనే ఉన్నడు, మిమ్ములను కలువడంట” అంది.

“ఒక్క మాట చెప్పి వెళ్ళిపోతానమ్మా.”

“మీరు చెప్పిన మాటలు చాలయ్యా.”

తలుపు వేసుకుంది. కారెక్కి ఫిల్మ్ నగర్ వెళ్ళాను. మధ్యాహ్నం దర్శకుడితో కొత్త సినిమా కథాచర్చలు ఉన్నాయి.