ఆగ్నేయంలో పెట్టె, వాయవ్యంలో కంప్యూటరు

రెండువేల నాలుగు నాటికి హిందూపురంలో టీవీ రిపేరు కూడు పెట్టే పని కాకుండా పోయింది. పాతది బాగుచేయించే ఓపిక ఎవరికీ లేదు. అలాంటి రోజుల్లో అక్కడి టీవీ మెకానిక్ జమీర్‌కు బెంగుళూరు కంపెనీ ఒకటి మాట ఇచ్చింది: ధర్మవరంలో ఓబుళప్ప ఇంట్లో మా యంత్రం గృహప్రవేశం నాటికి నడిపించు, ఈ వైపంతా నువ్వే మా మనిషివి, నెలజీతం.

ఓబుళప్ప పట్టుచీరల వ్యాపారి. కంప్యూటరులో మీట నొక్కితే ఇల్లంతా లైట్లు, ఫ్యాన్లు ఆడాలని ఆయన ముచ్చట. వాటిని ఆడించే పెట్టె వంటింట్లో, కంప్యూటరు ఆఫీసు గదిలో. రెంటినీ కలిపేది సీరియల్ కేబుల్ అనే తీగ.

అదే పలకలేదు. జమీర్ మూడు రోజులు రైల్లో వచ్చిపోయాడు. కొనలు విప్పి మళ్ళీ అతికించాడు. లోపలి రెండో తీగనూ మూడో తీగనూ తారుమారు చేశాడు. సంకేతాలు పోయే వేగం తగ్గించాడు. తెర మీద ఒకటే మాట: జవాబు లేదు.

నాలుగో రోజు కంప్యూటరును వంటింట్లోకి మోసుకొచ్చి, పెట్టెకు రెండు గజాల తీగతో కలిపాడు. మీట నొక్కగానే హాలంతా వెలిగింది.

"దొరికిందన్నా! రోగం పొడుగులో ఉండాది. ఈ తీగ యాభై అడుగులు దాటితే నమ్మేదానికి లేదు. మనం నూట ముప్పై లాగినాం."

"అంత లాగమని ఎవరు చెప్పినారప్పా?"

"మీరే కదన్నా! కరెంటు పెట్టె ఆగ్నేయంలో, ఆఫీసు వాయవ్యంలో అంటిరి. కంప్యూటరు ఈ పక్క గదిలో పెట్టుకోండి, సరిపోతాది."

"చీరలు కదలల్లంటే వ్యాపారం వాయవ్యంలోనే ఉండల్లని సిద్ధాంతి రాసిచ్చినాడు. నీకేం తెలుస్తాది లేప్పా, మా వాస్తు!"

ఆ 'మా' జమీర్‌కు ముల్లులా దిగింది. "వాస్తు తెలీదన్నా. తీగ తెలుసు."

టెలిఫోన్ బూత్ నుంచి కంపెనీ ఇంజనీరుకు ఫోన్ చేశాడు. "నువ్వు చెప్పేది నిజమే జమీర్. దూరానికి ఇంకో పరికరం కావాలి" అన్నాడు ఇంజనీరు. "కానీ ఇప్పుడు అడిగితే ఆయన మొత్తం వాపసు చేస్తాడు. నువ్వే ఎట్లో సర్దుకో." ఇల్లు చూడకుండా కాగితం మీద తీగ దారి గీసింది ఆ ఇంజనీరే.

మర్నాడు జమీర్ గడప తొక్కేసరికి ఓబుళప్ప మండిపడుతున్నాడు. "మీ ఇంజనీరు ఫోన్ చేసినాడు. కేబుల్ వేసేది నీకు రాదంట గదా! చేతగాని పని ఎందుకు ఒప్పుకుంటివబ్బా?"

సిద్ధాంతిది తప్పు కాదు. ఇంజనీరుది కాదు. ఇంటాయనది అసలే కాదు. ఇక మిగిలింది, సంతకం లేని మాటను నమ్మి వచ్చిన మనిషి.

"సార్, నా ఉద్యోగం?" అని కంపెనీకి మళ్ళీ ఫోన్ చేస్తే, "ఇంకెవర్నైనా చూసుకుంటాంలే" అని పెట్టేశారు.

గృహప్రవేశం రేపనగా ఓబుళప్ప పెట్టె పీకించి, మామూలు స్విచ్చులు జమీర్ చేతనే బిగింపించుకున్నాడు. ఒక్కొక్కటీ టక్కుమని వేసి చూసి భుజం తట్టాడు.

"చూడప్పా, ఎంత బాగా వెలుగుతాండాయో. నీకు వచ్చిన పని ఇది."

జమీర్ స్క్రూడ్రైవరు తుడిచి సంచిలో పెట్టుకున్నాడు.