చలివేంద్రం వెనక గది

ఇప్పుడు ఏ నొప్పితో డాక్టరు దగ్గరికి వెళ్ళినా మొదట అడిగే మాట, "నీళ్ళు సరిగా తాగుతున్నారా అమ్మా?" అని. తాగుతున్నానంటే నమ్మడు. మా మనవరాలు నా మంచం పక్కన గీతలున్న సీసా ఒకటి పెట్టి, మధ్యాహ్నానికి ఈ గీత దాకా, సాయంత్రానికి ఆ గీత దాకా తాగాలని హద్దులు చెప్పి కాలేజీకి పోతుంది. నాకు నీళ్ళ పాఠం చెప్పడమంటే తాతకు దగ్గులు నేర్పడమే. పద్దెనిమిదేళ్ళకే నేను ఆ పాఠం చదివాను. అదీ ఊరంతటికీ నీళ్ళు పోసే ఇంట్లో.

మా పుట్టిల్లు వరంగల్ బజారులో ఉండేది. ముందు బాపు కిరాణా దుకాణం, వెనక మేముండే ఇల్లు, ఆ వెనక పెరట్లో చేదబావి. రెండో ప్రపంచ యుద్ధం నడుస్తున్న రోజులు. కిరసనాయిలుకూ చక్కెరకూ కటకటే గానీ మా బావి మాత్రం ఏ ఎండకూ ఎండలేదు. అందుకే ఉగాది వెళ్ళగానే బాపు దుకాణం అరుగు మీద చలివేంద్రం పెట్టేవాడు. తడి ఇసుక మీద మూడు కొత్త కుండలు, వాటి చుట్టూ తడిపిన గోనె, నీళ్ళలో వట్టివేర్లు. కాశిబుగ్గ నుంచి బట్టల మూటలు నెత్తిన పెట్టుకుని వచ్చే నేతవాళ్ళు, హసన్‌పర్తి దిక్కు నుంచి మిరపకాయల బండ్లు తోలుకొచ్చే రైతులు అరుగు ముందు ఆగి, వంగి దోసిలి పట్టేవాళ్ళు. బాపు గల్లా దగ్గరి నుంచి లేచి వచ్చి ముంతతో పోసేవాడు. తాగి, తడి చేతులతో మొహం తుడుచుకుని, "నీ కడుపు సల్లగుండ సేటూ" అనేసి పోయేవాళ్ళు.

ఆ కుండలు నింపేది అమ్మ. పొద్దు పొడవకముందే గిరక కిర్రుమనేది. బిందె వెంట బిందె మోసి నింపే అమ్మ, తాను మాత్రం పిచ్చుకలా తాగేది. చెంబు ఎత్తి, గొంతు తడిసిందో లేదో అన్నట్టు రెండు గుక్కలు పోసుకుని దించేసేది. ఎండాకాలం పొడుగునా ఆమెకు తలనొప్పే. నుదుటికి గుడ్డ బిగించి కట్టుకుని తిరిగేది. "కోడిపిల్ల నయం నీకంటె" అని బాపు ఎగతాళి చేస్తే నేనూ నవ్వేదాన్ని. అమ్మ నవ్వేది కాదు. ఆమెకు ఒక చెల్లెలు ఉండేదనీ, తొలికాన్పు పురిట్లోనే పోయిందనీ మాకు తెలుసు. అంతకు మించి ఆ సంగతి ఇంట్లో ఎవరూ ఎత్తరు.

నేను హనుమకొండలోని అత్తగారింటి నుంచి తొలికాన్పుకు వచ్చాను. వైశాఖంలో ఆడపిల్ల పుట్టింది. దుకాణం గోడకు ఆనుకుని ఉన్న చిన్న గదిని పురిటి గది చేశారు. కిటికీకి గోనెపట్టా కట్టారు. నా చెవుల్లో దూది పెట్టి, తలకు గుడ్డ చుట్టి, మంచం కింద నిప్పుల కుంపటి పెట్టారు. బయట ఎండలు మండిపోతుంటే లోపల నిప్పులెందుకని అడిగే రోజులు కావవి. దానికి తోడు మా ఇళ్ళలో ఇంకో కట్టడి ఉండేది. పచ్చి బాలింత నీళ్ళు తాగకూడదు. పురుడు వెళ్ళేదాకా, అంటే పదకొండు రోజులు, వాము వేసి మరిగించిన నీళ్ళు పొద్దున రెండు గుక్కలు, మాపున రెండు గుక్కలు. అన్నం కూడా వెల్లుల్లి కారంతో పొడిపొడిగానే.

మొదటి రోజే నోరు తెరిచి అడిగాను. "అమ్మా, దూపైతాంది."

"ఓర్సుకో బిడ్డా. పచ్చి ఒళ్ళు. నీళ్ళు తాగితె ఒళ్ళంత నీరు వడ్తది. పదకొండొద్దులు ఓర్సుకుంటె నూరేండ్లు సుఖపడ్తవు."

"జర గొంతు తడుపరాదే."

"వద్దు బిడ్డా. నా మాటిను."

ఆ మాట అంటున్నప్పుడు ఆమె నా మొహం వైపు చూడలేదు. నాకు ఒళ్ళు మండింది. ఎండకు కాదు, అమ్మ మీద. దారిన పోయే ముక్కూమొహం తెలియనివాళ్ళకు వట్టివేర్ల నీళ్ళు, కడుపున పుట్టిన బిడ్డకు వాము నీళ్ళా? దీపం కింద చీకటంటే ఇదే అనుకున్నాను.

గోడకు అవతలే కుండలుండేవి. చెవిలో దూది ఉన్నా ఆ చప్పుడు నాకు వినబడుతూనే ఉండేది. ముంత మునిగినప్పుడు బుడుంగుమన్న శబ్దం, దోసిట్లో ధార పడే శబ్దం, వేళ్ళ సందుల్లోంచి కారి కింద బండ మీద చిట్లే శబ్దం. ఆ తరవాత తాగినవాడు తృప్తిగా విడిచే "హా" అన్న ఊపిరి. రోజులో ఎన్నిసార్లు విన్నానో! వినీ వినీ ఏ దోసిలి పెద్దదో, ఎవరు తొందరలో ఉన్నారో, ఎవరు రెండోసారి పట్టారో కళ్ళు మూసుకుని చెప్పగలిగేదాన్ని.

కళ్ళు మూసుకుంటే చాలు, మంచం నెమ్మదిగా కదిలేది. గది గోడలు పలచబడి, అవతలి వెలుతురు లోపలికి వచ్చేది. చిన్నప్పుడు అమ్మతో హసన్‌పర్తి చెరువుకు పోయినట్టే పోయేదాన్ని. పాదాల కింద మెత్తటి ఒండ్రు, మోకాళ్ళ దాకా నీళ్ళు, నీళ్ళలో కదిలే ఆకాశం. వంగి దోసిలి పట్టేదాన్ని. చెరువు ఒక అడుగు వెనక్కి జరిగేది. నేనూ ఒక అడుగు వేసేదాన్ని. అది మళ్ళీ జరిగేది. అలా చెరువు వెంట ఎంత దూరం నడిచేదాన్నో, ఎన్ని ఊళ్ళు దాటేదాన్నో! కోపం లేదు, తొందర లేదు, నడుస్తూనే ఉండేదాన్ని. ఒకనాడు గట్టు మీద ఒకామె కూర్చుని కనిపించింది. మొహం అమ్మదే, వయసు మాత్రం నాది. ఒళ్ళో ఖాళీ చెంబు పెట్టుకుని నన్నే చూస్తోంది. పలకరిద్దామనుకునేలోగా పాప ఏడ్చింది. గది మళ్ళీ గది అయిపోయింది. నిప్పుల వాసన, వెల్లుల్లి వాసన, నోట్లో బెరడులాంటి నాలుక.

ఐదో రోజు తానం పోశారు. పీట మీద కూర్చోబెట్టి, పసుపు రాసి, కాగే నీళ్ళు చెంబులతో నెత్తిన కుమ్మరించారు. ఒళ్ళు కాలుతోంది. అయినా నీళ్ళే కదా! మొహం మీదుగా ధార దిగుతున్నప్పుడు నోరు తెరిచాను. పసుపు కంపుతో, చేదుగా, వేడిగా రెండు గుక్కలు గొంతు దిగాయి. అంత రుచి మళ్ళీ ఏ నీళ్ళలోనూ చూడలేదు.

ఆ సాయంత్రమే నాకు జ్వరం వచ్చింది.

అమ్మ నుదుటి మీద చెయ్యి పెట్టి, తీసి, మళ్ళీ పెట్టింది. "నీళ్ళు తాగినవా? నిజం చెప్పు" అంది. నేను నీళ్ళు నమిలాను. నమలడానికైనా నోట్లో తడి లేదు, అది వేరే సంగతి. చివరికి చెప్పేశాను. తిడుతుందనుకున్నాను. తిట్టలేదు. మంచం పట్టె పట్టుకుని నేల మీద కూలబడి, "గంత పని ఎందుకు చేసినవే బిడ్డా" అంటూ నా పాదాల మీద తల పెట్టి ఏడ్చింది. నన్ను తిట్టినా అంత భయం వేసేది కాదు. మర్నాటి నుంచి రెండు గుక్కలు ఒక గుక్క అయింది. నేను అడగలేదు. నా జ్వరానికి నా దొంగ గుక్కలే కారణమని నేనూ నమ్మాను.

ఏడో రోజుకు పాలు తగ్గాయి. ఎనిమిదో రోజుకు పాప ఎంత లాగినా చుక్క లేదు. మొదట్లో వీధి అదిరేలా ఏడ్చిన పిల్ల, ఇప్పుడు సన్నగా, ఆగి ఆగి ఏడ్చేది. నేను లేచి కూర్చోబోతే కళ్ళు తిరిగి గది గిర్రున తిరిగేది. నేను పోతే పోయాను, నా వెంట ఇది కూడా పోతుందేమోనని భయపడ్డాను. ఆ భయాన్ని పైకి చెప్పలేక గోడ వైపు తిరిగి పడుకున్నాను.

ఎనిమిదో రోజు మిట్టమధ్యాహ్నం గోడ అవతల ఎప్పటిలాగే దోసిట్లో ధార పడుతోంది. మధ్యలో ఆగిపోయింది.

"సేటూ, లోపల ఏడ్చే పసిపిల్ల ఎవలు?" ఆడ గొంతు.

"మా బిడ్డ బిడ్డ. ఎనిమిదొద్దులాయె" అన్నాడు బాపు.

"ఏడుపు మంచిగ లేదు. గొంతు ఎండిపోయి ఏడుస్తాంది."

ఆమె దవాఖానలో నర్సు. సుబేదారి దిక్కు ఎవరినో చూసి తిరిగి వస్తూ నీళ్ళకు ఆగింది. తెల్లచీర, చంకలో నల్లగొడుగు. బాపు బతిమాలాడో, తానే వచ్చేసిందో తెలియదు, గది గుమ్మంలో నిలబడి, "అయ్యో, ఇది పురిటి గదేనా, కుమ్మరోళ్ళు కుండలు కాల్చే ఆవమా?" అంది. వచ్చీ రాగానే కిటికీ గోనెపట్టా లాగేసింది. నా చేతి వెనక తోలు పట్టి పైకి లాగి వదిలింది. ఆ తోలు లేచినది లేచినట్టే నిలబడింది. నాలుక చూపించమంది.

"ఒంటికి ఎప్పుడు పోయినవు బిడ్డా?"

"నిన్న పొద్దుగాల."

ఆమె అమ్మ వైపు తిరిగింది. "జల్ది నీళ్ళు తే అమ్మా. బావిల ఉంటెనే గద బొక్కెనలకు వచ్చేది? తల్లికి నీళ్ళియ్యకుంటె పిల్లకు పాలు ఏడికెళ్ళి వస్తయి?"

అమ్మ కదల్లేదు. గుమ్మానికి అడ్డంగా నిలబడింది.

"అందరు గట్లనే అంటరు. పోయినంక ఎవలు రారు నర్సమ్మా. నా చెల్లెకు గిట్లనే జొరమొచ్చింది. దూప దూప అని నా చేతులు వట్టుకున్నది. ఇయ్యద్దని మా అమ్మ ఒట్టేయించుకున్నది. చూడలేక దొంగతనంగ చెంబెడు నీళ్ళిచ్చిన. గటగట తాగింది. తెల్లారెటాల్లకు లేదు. ఈ చేతులతోనే సంపుకున్న. ఇగ బిడ్డను గూడ సంపుకోమంటవా?"

నేను ఆ ఇంట్లో పుట్టి పెరిగి, ఆ మాట అప్పుడే విన్నాను.

నర్సమ్మ గొడుగు గోడకు ఆనించి అమ్మ దగ్గరికి వచ్చింది. "జొరం ఎన్నొద్దులున్నది ఆమెకు?"

"నాలుగొద్దులు. ఒళ్ళు పెనమైంది. ఆఖరికి మనిషిని గుర్తువట్టలే."

"నీళ్ళు తాగినందుకు పోలేదమ్మా. నువ్వు చెంబు ఇయ్యకముందే ఆ జొరం ఆమెను తినేసింది. గంత కాలుతాంటె ఒళ్ళు నీళ్ళడుగదా? నీ బిడ్డది గా జొరం లెక్క లేదు. ఇది ఎండ, ఈ నిప్పులు, దూప. ఇంకా చెయ్యి దాటలే."

పురిటి గదిలోకి మగవాళ్ళు రారు గనుక, బాపు గోడ అవతలి నుంచే అన్నాడు. "ఇయ్యి. ఊరందరికి పోస్తానం, మన బిడ్డకు పొయ్యలేమా?"

కాచి చల్లార్చిన నీళ్ళు చెంబులో పోసుకొచ్చింది అమ్మ. నా నోటికి ఎత్తి తన మొహం పక్కకు తిప్పుకుంటే సగం నా మెడ మీద పడ్డాయి. ఆ పడినవి కూడా హాయిగానే ఉన్నాయి. నర్సమ్మ కుంపటి బయట పెట్టించి, కొంచెం కొంచెంగా గంట గంటకూ నీళ్ళు, ఉప్పేసిన గంజి ఇమ్మని చెప్పి, "రేపటికి జొరం దిగకుంటె ఆలిస్యం జెయ్యకుంట దవాఖానకు తీసుకరాండ్రి" అని వెళ్ళిపోయింది. ఆమె పోయాక అమ్మ నా కాళ్ళ దగ్గర కూర్చుంది. ఒక గుక్క ఇవ్వడం, నా పాదాన్ని బొటనవేలితో నొక్కి నీరు పట్టిందేమో చూడటం. మళ్ళీ ఒక గుక్క, మళ్ళీ నొక్కడం. పొద్దు గుంకేదాకా అదే పని. ప్రతి గుక్కకూ ఆమె నన్ను చంపుతున్నాననుకుంటూనే ఇచ్చిందని నాకు అర్థమైంది. అంతకాలం అమ్మ మీద పెంచుకున్న కోపానికి సిగ్గుపడ్డాను.

మర్నాడు జ్వరం దిగింది. ఆ తరవాతి రోజు పొద్దున పాలు పడ్డాయి. తెరిచిన కిటికీలోంచి ఎండ నేల మీద పలచగా పరుచుకుంది. పాప గుటకలు వేస్తుంటే ఆ చప్పుడు గదంతా వినబడుతోంది. గోడ అవతల ఎవరి దోసిట్లోనో ధార పడుతోంది. అమ్మ నాకిచ్చే నీళ్ళ చెంబు పట్టుకుని పాపనే చూస్తూ నిలబడింది.

"ఆమె అన్నది నిజమేనంటవా బిడ్డా?"

"నేను బతికే ఉన్న గదమ్మా."

ఆమె తల ఊపింది. లోపల ఎక్కడో లెక్క సరిచూసుకుంటున్నట్టు పెదవులు కదిలాయి. తరవాత నాతో కాదు, తనలో తాను అంది.

"గయితే... నేనిచ్చిన నీళ్ళు తాగే పోయింది. దూపతోని పోలే నా చెల్లె."

చెంబు నాకు ఇవ్వడం మరిచిపోయింది. తానే ఎత్తి తాగడం మొదలుపెట్టింది. రెండు గుక్కల దగ్గర ఆగలేదు. కళ్ళు మూసుకుని, గటగటా, మెడ మీదుగా కారి రవిక తడుస్తున్నా పట్టించుకోకుండా అడుగు దాకా తాగింది. చెంబు దించి "హా" అని ఊపిరి విడిచింది. అమ్మ కడుపునిండా నీళ్ళు తాగడం నేను చూసింది అదే మొదటిసారి.