మామకు రాసిచ్చిన పాపం

ఆ రోజుల్లో బీదర్ నుంచి హైదరాబాద్ వెళ్లే పొద్దుటి బస్సులో సీటు దొరికినవాడు ఉద్యోగస్తుడు, దొరకనివాడు రచయిత అని నా నమ్మకం. అక్కడ అద్దాల మేడలు లేస్తున్నాయని, కంప్యూటర్ నేర్చినవాణ్ణి పిలిచి మరీ కుర్చీలో కూర్చోబెడుతున్నారని అందరూ చెప్పుకునేవారు. నేను నేర్చింది కథలు రాయడం. హైదరాబాద్ పత్రికలకు పంపిన నా కథలు ఊరి మీద బెంగ పెట్టుకున్నట్టు వెంటనే తిరిగొచ్చేసేవి. (తిరుగు స్టాంపులు నేనే పెట్టేవాణ్ణి, వాటి తప్పేం లేదు.) ఉన్న ఒక్క ప్యాంటు మోకాలి దగ్గర చిరిగితే, కూర్చున్నప్పుడు దాని మీద పుస్తకం పెట్టుకునేవాణ్ణి. చూసినవాళ్లు బాగా చదువుతాడనుకునేవారు.

మా మేనమామ బీదర్ పక్కనే కొల్హార్‌లో ఒక కార్ఖానాలో ఫోర్‌మన్. నౌబాద్‌లో ఇల్లు కట్టుకుని, ఒక ఆదివారం కృతజ్ఞత కూటం పెట్టుకున్నాడు. అలాంటి కూటంలో ఇంటాయన లేచి, దేవుడు తన బతుకును ఎలా మార్చాడో సాక్ష్యం చెప్పాలి. "అల్లుడూ, నువ్వు రాసేటోనివి గదా, నాది జర రాసియ్యి. నలుగురు ఏడ్వాలె. మా సేట్ గూడ వస్తుండు. గేటు కాడ రిజిస్టర్ రాసే నౌకరి ఖాళీగుంది, నీ మాట తీస్త" అన్నాడు మామ.

రాయబోతే మామ బతుకు చప్పగా ఉంది. తాగడు, కొట్టడు, చర్చి మానడు. పాపం లేకుండా పశ్చాత్తాపం ఎక్కణ్ణుంచి తేవాలి? నాకేమో ఉద్యోగం కావాలి. అందుకని నా బుర్రలోంచే ఒక పాపం తీసి ఆయనకు దానం చేశాను. మామ చదువంతా కన్నడంలో కనుక తెలుగు మాటల్ని కన్నడ అక్షరాల్లో రాసి, ప్రార్థన మొదలయ్యే వేళకు చేతిలో పెట్టాను. వంటల హడావుడిలో ఆయన ముందుగా చూసుకోనే లేదు.

మామ వేలు పెట్టి కూడబలుక్కుని చదివే మనిషి. మాట బయటికి వెళ్లిపోయాక గానీ దాని అర్థం ఆయనకు తెలియదు. "నేను... పనిచేసే చోటు నుంచి... ఇత్తడి బోల్టులు... జేబులో వేసుకుని... తెచ్చేవాణ్ణి" అని చదివి ఆగిపోయాడు. ముందు కుర్చీలో సేట్. నలుగుర్నీ ఏడిపించే ధ్యాసలో, వినేవాళ్లలో ఆయనా ఉంటాడని రాసేటప్పుడు నాకు తట్టనే లేదు. అత్త నోట్లో కొంగు కుక్కుకుంది. మామ కాగితం మడిచి లోపలికి వెళ్లాడు. మంచం కింది నుంచి ఒక రేకు డబ్బా తెచ్చి సేట్ కాళ్ల దగ్గర పెట్టాడు. నిండా ఇత్తడి బోల్టులే.

"మాఫ్ జెయ్యున్రి సేట్. ఇంటికి పనికొస్తయని తెచ్చిన. ఒక్కటి గూడ బిగియ్యలే, చెయ్యి రాలే" అని భోరుమన్నాడు. అందరూ ఏడ్చారు. నేను ఊహించి రాసింది నిజమని తేలేసరికి నాకు మాత్రం భయమేసింది.

సేట్ డబ్బాలోంచి ఒక బోల్టు తీసి చూసి, "నువ్వే ఒప్పుకున్నవ్ గదా, రేపు పనికి రా" అన్నాడు. తర్వాత నా వైపు తిరిగి, "రాసింది ఈ పిల్లగాడేనా? గేటు కాడ ఇసొంటోడే గావాలె" అన్నాడు. నా ఆనందానికి పట్టపగ్గాల్లేవు. కానీ కూటానికి వచ్చిన కార్ఖానావాళ్లు ఒకరి మొహాలు ఒకరు చూసుకోవడం అప్పుడు నాకు పట్టలేదు.

మర్నాడు వాళ్లంతా మామను చుట్టుకున్నారట. "అన్నా, నీ అల్లుడు లోపలి ముచ్చట్లు ఎట్ల కనిపెడ్తుండో ఏమో, ఆయనొద్దే!" మామ ఎటూ తోచక, సేట్ దగ్గరికి వెళ్లి, "మా అల్లునికి హైదరాబాద్‌ల నౌకరి దొరికింది సేట్" అనేశాడు. మామ కల్పించిన మొదటి కథ అది. ఆ మాట అబద్ధమని తేలి ఆయన మళ్లీ దొంగలా నిలబడటం ఇష్టంలేక నేను బస్సెక్కాను. సీటు దొరకలేదు, దారంతా నిలబడే వెళ్లాను.

ఆ కథ నిజమవడానికి రెండేళ్లు పట్టింది. తర్వాత నా రాతలు కొన్ని అచ్చయ్యాయి, కొందరు బాగున్నాయన్నారు కూడా. కానీ నా రాత చదివి, లేచి వెళ్లి, మంచం కింది డబ్బా తెచ్చిన పాఠకుడు మామ ఒక్కడే. ఆ ఆదివారం ముందు భయంతో, తర్వాత ఆనందంతో అన్నం కూడా ముట్టకుండా నిలబడ్డ కుర్రాణ్ణి తలుచుకుంటే ఇప్పటికీ నవ్వొస్తుంది. "ఒరేయ్, ఇంతకంటే గొప్పగా నువ్వెప్పుడూ రాయవు, ముందు కూర్చుని తిను" అని వాడికి చెప్పాలనిపిస్తుంది.