ఎత్తుకుపోయిన రథం

బస్తర్‌ను ఇంకా రాజులే ఏలుతున్న రోజుల్లో, కోంట రైతు రామయ్య ఎడ్లబండిలో నేను జగదల్‌పూర్ దసరా చూడటానికి వెళ్లాను. ముందురోజు సాయంత్రం వందలమంది కలిసి లాగిన రథం తెల్లారేసరికి కోట ముందు లేదు. ఇల్లంత రథం అది.

"మాడియా గోండోళ్లు అడివిలకు ఎత్తుకపోయిండ్రు పంతులూ," అన్నాడు రామయ్య, ఎడ్లకు గడ్డి వేస్తూ.

రాజుగారి రథాన్ని దొంగిలిస్తే ఊరుకుంటారా?

"బండి కట్టు రామయ్యా. తుపాకులు పేలకముందే పోదాం."

"ఏంది పంతులూ, పండుగ నడుమల పోతరా?" అంటూ అతను కదల్లేదు.

అంతలో కోట తలుపులు తెరుచుకున్నాయి. రాజుగారు పల్లకిలో అడవి దారి పట్టారు. వెంట బాజాలున్నాయి గాని తుపాకులు లేవు.

"రాజు పోయి వాళ్లతోటి కూసొని కొత్త బియ్యం అన్నం తింటడు," అన్నాడు రామయ్య. " తిన్నంక రథం ఇస్తరు. ఏటా ఇంతే."

నేను బండి మీద కూర్చుండిపోయాను. మా ఊళ్లో రథం తాడు పట్టుకోవడానికే కొందరిని రానివ్వరు. ఇక్కడ రథాన్నే ఎత్తుకుపోయినవాళ్ల పక్కన రాజుకు విస్తరి వేస్తున్నారు.

"మొదట్ల నిజంగ కోపమొచ్చే ఎత్తుకపోయిండ్రట," అన్నాడు రామయ్య. "రాజు వాళ్లతోటి కూసొని తినలేదని."

"మరి ఇప్పుడు?"

"ఇప్పుడా? ఎత్తుకపోకుంటే రాజుకు కోపమొస్తది."