బూరుగు చెట్టు కింద అబ్బా

మొన్న మా కోడలు నాకోసమని ఒక కొత్త దిండు తెప్పించింది. ఇది తల ఆకారాన్ని గుర్తుపెట్టుకునే దిండని అట్టపెట్టె మీద రాసి ఉంది. కళ్లజోడు ఎక్కడ పెట్టానో నాకే గుర్తుండని ఈ వయసులో, ఇంట్లో ఒక దిండుకైనా జ్ఞాపకశక్తి ఉండడం మంచిదేననుకుని మధ్యాహ్నం తల ఆనించాను. కునుకు రాలేదు. ఖమ్మంలో పరుపులు కుట్టే ఇంట్లో, జుట్టు నిండా బూరుగు దూదితో పెరిగినదాన్ని మరి.

మా తరం వాళ్లు డిగ్రీ కాగానే బీఈడీకో బ్యాంకు పరీక్షలకో వెళ్తుంటే, నేను యూనివర్సిటీలో అప్పుడే కొత్తగా పెట్టిన జీవవైవిధ్యం, పరిరక్షణ అనే కోర్సులో చేరాను. ఆ పేరు మా వీధిలో ఎవరికీ నోరు తిరగలేదు. వైవిధ్యం కాస్తా వైద్యమై, నేను సెలవులకు వచ్చినప్పుడల్లా ఎవరో ఒకరు నాలుక చాపుకుని నా ముందు నిలబడేవారు. మా నాన్న, అంటే అబ్బా కూడా ఆ పొరపాటును దిద్దడానికి పెద్దగా తొందరపడలేదు.

మొదటి ఏడాది చివర్లో ములకలపల్లి అవతల ఒక అడవి పల్లెలో క్యాంపు ఉంటుందనీ, దానికి రాకపోతే రెండో ఏడాదికి పంపరనీ చెప్పారు. మా నాయనమ్మ, దాదీ, అగ్గి మీద గుగ్గిలమైంది. “ఆడపిల్ల అడవులవట్టి తిరుగుడేంది? గిదేం సదువు? బంద్ చేయించు!” అబ్బా చాలాసేపు సూదిలోకి దారం ఎక్కిస్తూ కూర్చుని, చివరికి తీర్పు వాయిదా వేశాడు. “నేను గూడ పోత. ఆడ ఏం నేర్పుతరో నా కండ్లతోని చూస్త. నచ్చకుంటే ఆడికెల్లే వాపస్ తోలుకొస్త.” అలా నా చదువు అబ్బా కళ్లు చెప్పబోయే తీర్పు మీద ఆధారపడింది. మా సార్ మంచివారు, ఫీజు కట్టని విద్యార్థి ఒకరు పెరిగారని నవ్వి ఒప్పుకున్నారు.

అది రంజాన్ నెల. అబ్బా ఉపవాసంతోనే బస్సెక్కాడు, చంకలో ఒక మూటతో. ఒకరింటికి వట్టి చేతులతో పోవడం ఆయనకు చేతకాదు. ఆడపిల్లలం దిగిన ఇల్లు ఒక కోయ పెద్దమ్మది. అబ్బా ఆమె ముందు మూట విప్పి, తన చేత్తో కుట్టిన బూరుగు దూది దిండును ఎంతో మర్యాదగా అందించాడు. ఆమె దాన్ని నొక్కి చూసింది, వాసన చూసింది, కోడలితో కోయలో ఏదో అని పడీపడీ నవ్వింది. “ఓ అన్నా, మా దూది మా ఇంటికే సుట్టమై వచ్చిందే! గలీబు గూడ తొడుక్కొని వచ్చె!” ఆ పల్లెల్లో ఏరిన దూదే సంతల మీదుగా ఖమ్మం చేరి మా కొట్టులో పడుతుందని అబ్బాకు అప్పుడే తెలిసింది. ఆయనకు దూదంటే గోనెసంచిలో నుంచి వచ్చేది. చెవులదాకా ఎర్రబడి తనూ నవ్వేశాడు.

మర్నాడు తెల్లవారుతుండగా నమాజు ముగించుకుని అబ్బా మా వెంట నడిచాడు. వాగు దాటి మలుపు తిరిగామో లేదో, అందరి కాళ్లూ ఆగిపోయాయి. ఆకు అనేది లేకుండా కొమ్మకొమ్మకూ ఎర్రగా పూసి, అప్పుడే లేస్తున్న ఎండలో చెట్టంతా వెలుగుతున్న ఒక మహా బూరుగు, దాని మీద గోరింకలు, పికిలిపిట్టలు, చిలుకలు, పూలలో తలలు దూర్చిన తేనెపిట్టలు, ఉడుతలు, తేనెటీగలు, ఒక ఊరి జాతరంతా గాలిలోకి లేచినంత సందడి. పెద్దపెద్ద పూలు టప్పుటప్పున రాలుతుంటే కింద తడి మట్టిలో వాటిని తిని వెళ్లిన దుప్పుల గిట్టల గుర్తులు. తలెత్తి చూస్తున్న అబ్బా టోపీ వెనక్కి జారి పడిపోయింది, ఆయనకు తెలియనే లేదు. ఎవరితోనూ కాదన్నట్టు, “దీని మీద ఇంతమంది బతుకుతున్నరా!” అన్నాడు. పిట్టలను, ఉడుతలను ‘ఇంతమంది’ అన్న మాట ఆ తర్వాత చదివిన ఏ పుస్తకంలోనూ నాకు కనిపించలేదు.

తిరిగి వస్తుంటే ఒక మామిడి కింద పిందెలు రాలి ఉన్నాయి. మాలో ఒకమ్మాయి వాటిని ఏరి, ఉప్పు కోసం పెద్దమ్మ దగ్గరికి పరుగెత్తింది. “వద్దు బిడ్డా, ఇంక కొత్త కాలే” అంది ఆమె. ఊరంతా కూడి, వేల్పుకు పెట్టి, కొత్త పండుగ చేసుకున్నాకే అక్కడ మామిడి ముట్టుకుంటారట, చెట్టు మీదిదైనా నేల మీదిదైనా. పిందెలన్నీ తిరిగి చెట్టు కిందికే వెళ్లాయి. అబ్బా ఆశ్చర్యపోయి, మరి పిల్లలు ఆగుతారా అని అడిగాడు. “ఆగక ఏం జేస్తరు? నువ్వు పొద్దుగూకేదాక ఆగుత లేవా అన్నా?”

పొద్దుగూకాక ఆమె చెంబుతో నీళ్లు తెచ్చిస్తే, ఆయన తన ఖర్జూరాల్లో మొదటిది ఆమె చేతిలో పెట్టి, తర్వాత తను ఉపవాసం విడిచాడు. నేను మాత్రం ఆయన తీర్పు కోసమే చూస్తున్నాను. నీళ్లు తాగి మూతి తుడుచుకుని నావైపు తిరిగాడు. “దాదీకి నేను చెప్త. ఇన్నేండ్లు దూదిని చేత్తోనే చూసిన, బేటీ! కంటితోని చూసింది ఇయ్యాల్నే. ఆగాల్సినకాడ వీళ్లు ఆగుతున్నరు. నువ్వు మాత్రం ఆగకు.”

నేను ఆగలేదు. ఆ చదువే చదివి, ఆ చదువే చెప్పి, రిటైరయ్యాను. ఇప్పుడు అబ్బా లేడు, మా కొట్టులో ఫోము షీట్లు తప్ప దూది లేదు. కానీ ఆ ఏటి నుంచి నేను పెట్టుకున్న ఒక పట్టింపు ఉంది. ఆ ఊళ్లో కొత్త అయిందని కబురు వచ్చేదాకా మామిడి ముట్టను. ఇరుగుపొరుగు నాకు షుగరని నిర్ధారించుకున్నారు, నేనూ అబ్బాలాగే ఆ పొరపాటును దిద్దలేదు. పెద్దమ్మ పోయాక ఆమె కోడలు ఏటేటా ఫోను చేస్తోంది. పోయినసారి మాటల్లో, కొత్త పండుగ కాకముందే ఊళ్లోకి మామిడిపండ్ల ఆటోలు వస్తున్నాయని, “పిల్లగాండ్లు ఆగుత లేరక్కా” అని నవ్వింది, నవ్వు మధ్యలో ఆపేసింది. ఈ ఏడు మార్కెట్లో పండ్లు వచ్చి చాలా రోజులైంది. మా ఇంట్లో మామిడిపండ్ల బుట్ట రెండుసార్లు నిండి, రెండుసార్లూ ఖాళీ అయింది. ఆ ఊరి నుంచి ఫోను ఇంకా రాలేదు. పండుగ ఆలస్యమై ఉంటుందని మా కోడలికి చెప్పి, నా వంతు పండును పక్కన పెట్టించాను.