ఆఖరి గాంధారం

అమెరికాలో, క్యారీ ఊళ్లో మాకు పాశ్చాత్య సంగీతం నేర్పిన ఆంటీ, వీణకు దూరపు చుట్టంలాంటి ల్యూట్ మీద ఎప్పటిదో ఇంగ్లిషు ఏడుపు పాట ఒకటి వాయించేవారు. పాటంతా స్వరాలు మెట్లు దిగుతున్నట్టు కిందికే జారతాయి. చివరిసారి తీగలు మీటినప్పుడు మాత్రం గాంధారం కాస్త పైకి లేస్తుంది. కర్ణాటక సంగీతానికి అలవాటుపడ్డ నా చెవిలో అది ముల్లులా గుచ్చుకునేది.

"అది అపస్వరం కదా ఆంటీ?"

"ఏడ్చినవాళ్లు మళ్లీ డ్రైవ్ చేసుకుని ఇంటికెళ్లాలి కదమ్మా. అందుకే ఆ కాస్త వెలుగు."

ఎవరడిగినా అదే జవాబు.

వాళ్లాయన పోయాక మొదటి క్లాసులో ఆంటీ ఆ పాటే వాయించారు. ఈసారి గాంధారం పైకి లేవలేదు. ల్యూట్‌ని పెట్టెలో సర్ది, తన కారు తాళాలు నా చేతిలో పెట్టారు.

"ఇవాళ నువ్వు డ్రైవ్ చెయ్యమ్మా."